మూర మల్లెపూలు, ముగ్గురం పడవలో

డెబ్భైల్లో ఒక వేసవి. అక్క కాపురానికి వెళ్ళిన ఏడాదికి అమ్మా నేనూ తిరువూరు నుంచి బస్సులో హైదరాబాదు వెళ్ళాం. అక్కకి చెప్పాలని డైరీలో రాసి పెట్టుకున్న కబుర్లన్నీ దారి పొడుగునా మనసులో వల్లె వేసుకున్నాను. నలుగురిలో నోరు విప్పలేని నేను అక్క ఒక్కదానితోనే మాట్లాడేదాన్ని. వారపత్రిక వస్తే ముందు తను చదివి, కథ చెప్పేయకుండా నాకిచ్చేది.

తీరా వెళ్ళేసరికి అక్క పక్కన ఆడపడుచు అతుక్కుని ఉంది. నా ఈడుదే. నాకంటే తెల్లన, మాట గలగల.

"వదిన రాత్రిళ్ళు నాకు సీరియల్ చదివి వినిపిస్తుంది, తెలుసా?" అంది, నేను సంచి దించకముందే.

నాకెప్పుడూ చదివి వినిపించలేదు.

మర్నాడు సాయంత్రం బావ అందరినీ పార్కుకి తీసుకెళ్ళాడు. అందులో నవాబుల కాలం నాటి చెరువు, అరిగిన రాతి మెట్లు, మెట్ల కింద పడవలు. గేటు దగ్గర అక్క మూర మల్లెపూలు కొంది. మా ఊళ్ళో అయితే దారం పంటితో కొరికి, సగం నా జడలో పెట్టాకే తను పెట్టుకునేది. ఎంగిలి పూలేమిటే అని అమ్మ తిట్టినా మానేది కాదు. ఆ రోజు మాత్రం పూలమ్మి చేత బ్లేడుతో సగానికి కోయించి, ఒక ముక్క ఆడపడుచుకి పెట్టింది. రెండోది రుమాల్లో చుట్టుకుంది. అది తనకేననుకున్నాను.

అమ్మకీ బావకీ నీళ్ళంటే భయం, గట్టున కూర్చున్నారు. పడవ నడిపే ముసలాయన అక్కనీ ఆడపడుచునీ ఒక పలక మీదా, నన్ను ఎదురుగా ఒంటరిగా ఇంకో పలక మీదా కూర్చోబెట్టాడు. నీళ్ళూ బాతులూ చూడనే లేదు నేను. అక్క భుజం మీద వాలిన ఆ తలనీ, అందులోని పూలనీ చూస్తూ కూర్చున్నాను.

"మీ చెల్లికి మాటలు రావా వదినా?"

"వస్తాయిలే. ఏమే, తల ఇటు తిప్పు," అంటూ అక్క రుమాలు విప్పింది.

"నాకొద్దు. నీ ఆడపడుచుకే పెట్టుకో!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తెడ్డు ఆగింది.

"అమ్మో, నోరుంది!" అంది ఆ పిల్ల.

అక్క నవ్వలేదు. "ఆడపడుచుకి పెట్టకుండా నువ్వు పూలు ముడవకు అని నన్ను కాపురానికి పంపిస్తూ అమ్మ చెప్పలేదుటే? పక్కనే ఉండి విన్నావుగా," అంటూ లేచింది. పడవ ఊగింది.

"లేవొద్దమ్మా!" అని ముసలాయన కేకేసేలోపే అక్క వచ్చి నా పక్కన కూలబడింది. రుమాల్లోని ముక్క తీసి, మధ్యలో దారం పంటితో కొరికింది.

"ఛీ వదినా, ఎంగిలి!"

"మా ఇద్దరికీ ఎంగిలేమిటి?" అంది అక్క, నా జడ ముందుకి లాగి సగం పూలు తురుముతూ.

ఎదుటి పలక మీద ఇప్పుడు ఆ పిల్ల ఒక్కతే. చెయ్యి నీళ్ళలో పెట్టి అటు తిరిగి కూర్చుంది. అప్పుడు చూశాను బాతుల్ని, బాగున్నాయి.

పడవ గట్టు చేరాక అక్క నా చెవిలో అడిగింది, "ఇప్పటికైనా చల్లబడ్డావా?"

తలూపాను. కానీ మెట్లెక్కుతూ ముందు నడుస్తున్న ఆ పిల్ల జడలో పూలనే కళ్ళతో కొలుచుకున్నాను. కొరికినా కొరక్కపోయినా, ఆవిడ ముక్క నాదానికి రెండింతలు ఉంది.