ఫ్రిజ్ మీద విత్తనం

నిప్పు పుట్టించడం నేర్చుకున్న తరవాత, వెచ్చదనం విషయంలో మానవజాతి వేసిన రెండో పెద్ద అడుగు హార్లో బే అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో, ఒక నవంబరు మంగళవారం, ఉదయం పది గంటలకు పడింది. ఆ వేళ లోర్న్ గిల్‌క్రిస్ట్ పక్కింటి వెర్నా వంటింట్లోకి వచ్చి, పలకరింపైనా లేకుండా, ఆమె ఫ్రిజ్ నెత్తిన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని "ఆహా!" అన్నాడు. ఆ ఘట్టాన్ని రాసిపెట్టడానికి చరిత్రకారులెవరూ అక్కడ లేరు. వెర్నా ఉంది. ఆమె చేతిలో అట్లకాడ ఉంది.

"ఏమయ్యా, దానికి జ్వరం చూస్తున్నావా?"

"ఇరవై ఆరు డిగ్రీలుంటుంది. ఇన్నాళ్ళూ ఈ వేడంతా ఏం చేస్తున్నావు వెర్నా?"

"ఏం చెయ్యను? సీసాలో పట్టి పెట్టుకోనా?"

లోర్న్ బాధగా తల ఆడించి, కోటు జేబులోంచి ఒక జిప్పు సంచి తీశాడు. అందులో చెమ్మగా ఉన్న పొట్టు, దాని నడుమ ఉసిరికాయంత విత్తనం.

"ఇక్కడ పెడతాను. తిండి అడగదు, మాట్లాడదు."

"ఎన్నాళ్ళు?"

"ఎంత, ఆర్నెల్లు. మహా అయితే ఏడాదిన్నర."

నలభై ఏళ్ళు ఫెర్రీ పడవల ఇంజను గదుల్లో చెమటోడ్చిన మనిషి, ఉద్యోగంలో ఉండగానే, గట్టు మీద చలికి కాదు, సైకాడ్ మొక్కలకు దొరికిపోయాడు. సైకాడ్ చూడ్డానికి ఈతచెట్టు పిల్లలా ఉంటుంది. ఆ మాట లోర్న్ ముందు అన్నవాళ్ళు డైనోసార్ల కాలం దగ్గర మొదలెట్టి ముప్పావుగంట వినాల్సి వచ్చేది. దాని విత్తనం మొలవాలంటే నెలల తరబడి ఒంటి వేడి లాంటి వేడి కావాలి. హార్లో బేలో జనం జూలైలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రమే స్వెట్టర్ విప్పుతారు.

అందుకని లోర్న్ ఊరి వేడినంతా సర్వే చేశాడు. బేకరీ పొయ్యి మీది అటక, లాండ్రీలో బట్టలారబెట్టే యంత్రాల వెనక సందు, అన్నింటిలోనూ సంచులు వెలిశాయి. చర్చిలో అందరూ తల వంచితే అతను గోడకు చెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఎంత భక్తి అనుకున్నవాళ్ళున్నారు. ఆ గోడ అవతల బాయిలరుంది.

అసలు యాగం మంగళవారాలది. ఒంటరిగా ఉండే తొమ్మిది మంది ఇళ్ళలోనూ సంచులు పెట్టి, థర్మామీటరు పట్టుకుని తిరిగేవాడు. ముందు సంచిని చూసేవాడు, తరవాత గదిని, ఆఖరున, గుర్తుంటే, మనిషిని.

"పదిహేడు డిగ్రీలు! వెర్నా, విత్తనం వణికిపోతోంది."

"నేనూ వణుకుతున్నాను."

"నీకు స్వెట్టరుంది. దానికేముంది?"

అని, కిటికీ సందుల్లో పట్టీలు కొట్టి, హీటరు విప్పి దుమ్ము దులిపి, తిరిగి బిగించి పోయేవాడు. ఇలా తొమ్మిది చలికాలాలు గడిచాయి. వెర్నా ఫ్రిజ్ మీద ఒక్కటీ మొలవలేదు. ఏటా పాతది తీసి, పోస్టులో తెప్పించిన కొత్తది పెట్టేవాడు. బడి ఆఫీసులో ముప్పై ఏళ్ళు హాజరుపట్టీ రాసిన వెర్నాకు ఇది అవమానంగా ఉండేది. ఆమె చేతి కింద అన్నేళ్ళు గైరుహాజరైన విద్యార్థి మరొకడు లేడు.

పదో ఏట మహత్తర సంఘటన జరిగింది. లోర్న్ గాజుగదిలో ఇరవై ఆరేళ్ళుగా పెరుగుతున్న ఆడమొక్క నడినెత్తిన అనాసపండంత కాయ వేసింది. ఒరెగాన్ మిత్రుడొకడు పోస్టులో మగమొక్క పుప్పొడి పంపితే, లోర్న్ పెళ్ళికొడుకు తండ్రిలా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుంచెతో అద్దాడు. ముప్పై ఎనిమిది విత్తనాలొచ్చాయి. గుజ్జు వలిచి బకెట్టు నీళ్ళలో పోశాడు. ఇరవై ఏడు తేలాయి, పదకొండు మునిగాయి.

"తేలినవి తాలు," అన్నాడు. "మునిగినవే బిడ్డలు."

"తాలువి అవతల పారెయ్యి మరి."

"పారెయ్యడమా? వాటికి బోలెడు పనుంది," అని తేలినవాటినే జాగ్రత్తగా తుడిచి జేబులో వేసుకున్నాడు. పదకొండింటినీ కరెంటుతో కాగే పెట్టెలో పడుకోబెట్టాడు. అతని ఇరవై ఆరేళ్ళూ ఆ పెట్టెలో ఉన్నాయి.

డిసెంబరులో గాలివాన వచ్చి చెట్లు తీగల మీద పడ్డాయి. నాలుగు రోజులు ఊళ్ళో కరెంటు లేదు. రెండో రోజు పొద్దున్నే లోర్న్ తన జనరేటరును బండిలో కట్టుకుని, దారిలో పడ్డ కొమ్మలు లాగడానికి వెర్నాను వెంటబెట్టుకుని, ఎవర్ట్ స్టోరీ ఇంటికి వెళ్ళాడు. ఎవర్ట్ ఎనభై నాలుగేళ్ళ జాలరి, ఆ తొమ్మిది మందిలో ఒకడు. ఆ ఊళ్ళో ఎవరూ సాయం పుచ్చుకోరు, ఎవర్ట్ అయితే వానలో కూడా ఒకరి గొడుగు కిందికి రాడు. మూడు కోట్లు తొడుక్కుని తలుపు తీశాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నాకేం అక్కర్లేదు. తీసుకుపో."

"నీకెవడు తెచ్చాడోయ్? నా విత్తనానికి తెచ్చాను. అడ్డం లే."

ఎవర్ట్ గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. లోర్న్ జనరేటరును బయట దూరంగా పెట్టి, తీగ లోపలికి లాగి, హీటరు వెలిగించి, సంచిని దాని దగ్గర పెట్టాడు. కుర్చీని సంచి పక్కకు లాగాడు. "దీన్ని కనిపెట్టుకుని ఇక్కడే కూర్చో. కదిలావంటే ఊరుకోను."

బండి ఎక్కాక వెర్నాకు ఉన్నట్టుండి వెలిగింది.

"ఇది ఇక్కడుంటే, మీ ఇంట్లో పెట్టెకు కరెంటేదీ?"

"దుప్పటి కప్పానులే." లోర్న్ రోడ్డు వంకే చూస్తున్నాడు.

ఇంటికి వెళ్ళి వెర్నా గిన్నెలో నీళ్ళు పోసి, తన ఫ్రిజ్ మీది విత్తనాన్ని అందులో వేసింది. అది హాయిగా తేలింది. గిన్నెను పట్టుకెళ్ళి అతని ముక్కు కింద పెట్టింది.

"పదేళ్ళు! పదేళ్ళు తాలు గింజకు కాపలా కాయించావు నాచేత!"

"అరవకు," అన్నాడు లోర్న్ చెవుల దాకా ఎర్రబడి. "ఎవర్ట్‌కి తెలిస్తే హీటరు ఆర్పేస్తాడు."

వెర్నా గిన్నె కింద పెట్టి, దుప్పటి ఎత్తి పెట్టె తెరిచింది. ఆ పదకొండింటినీ సంచిలో వేసి, స్వెట్టరు లోపల పొట్టకు కట్టుకుని, కరెంటొచ్చేదాకా విప్పలేదు.

మూడో రోజు వెర్నా ఎవర్ట్‌కు సూప్ తీసుకెళ్ళినప్పుడు, అతను కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది.

"బాగుందా విత్తనం?" అంది వెర్నా, మొహం తిప్పుకుని.

"యాభై ఏళ్ళు సముద్రం మీద బతికానమ్మా. తేలేదేదో మునిగేదేదో నాకు తెలీదా? మొదటేడే బకెట్లో వేసి చూశాను." ఎవర్ట్ గొంతు తగ్గించాడు. "వాడితో అనకు. పాపం, తెలిస్తే మంగళవారాలు ఎక్కడికి పోతాడు?"

ఆ పదకొండు విత్తనాల్లో నాలుగు మొలిచాయి. ఒక్కోదానికి ఒక ఆకు.