తప్పు చేయకుండా తీసిన గుంజీలు

మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న రోజూ పొద్దున్నే ఆవనూనె రాయించుకుంటున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు బెంగాల్లో, గార్డెన్ రీచ్ ఓడరేవు దగ్గర డాక్ కూలీల బస్తీలో ఉండేవాళ్లం. నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక, నాన్న రోజూ డ్యూటీకి వెళ్లే ముందు నా కాళ్లకు ఆవనూనె పట్టించి, వాకిట్లో నిలబెట్టి గుంజీలు తీయించేవాడు. మా బడిలో గుంజీలంటే శిక్ష. అందుకే చెవులు పట్టుకునేదాన్ని.

"సెవులొగ్గీ. సేతులు ముందుకి సాపు," అంటూ చెవుల మీంచి నా చేతులు తీసేసేవాడు.

"పిల్ల ఏం తప్పు చేసింది దాదా?" అని మేం కాకిమా అని పిలిచే పక్కింటి పిన్ని బెంగాలీలో అడిగేది. నాన్న నవ్వేవాడే గానీ చెప్పేవాడు కాదు. తప్పేమిటో చెప్పకుండా శిక్ష వేయడం ఎక్కడి న్యాయం? జ్వరం రావడమే నా తప్పా? మా టీచరైనా ఆదివారం వదిలేసేది. నాన్న ఆ రోజు కూడా, నేను చర్చికి వేసుకున్న గౌనుతోనే తీయించేవాడు.

ఆ కాళ్లతోనే ఇవాళ సాల్ట్ లేక్ ఆఫీసు బస్సు వెనక పరుగెత్తుతున్నాను. ఒప్పుకుంటాను. కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడు నాన్నకు డాక్టరు రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చెప్పాడు. మానితే మోకాలు బిగుసుకుపోతుందట. ఈ ఉదయం నూనె రాసి, "లెగు నాన్నా," అన్నాను.

"ఆదివారం కూడానా? నానేటి తప్పు సేసినానే?" అంటూ రెండు చెవులూ పట్టుకుని లేచాడు.

ఆయన చేతులు చెవుల మీంచి తీశాను.

"సెవులొగ్గీ నాన్నా. సేతులు ముందుకి సాపు."