ఆపితే పాడయ్యే బ్రేకులు

మా నాన్న శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు దిగి బస్సెక్కిన రోజున మా ఇంట్లో బ్రేకుల గొడవ మొదలైంది.

కారు మా ఆయన నడుపుతున్నాడు. మలుపులు దిగుతుండగా కాలిన వాసన వచ్చింది. పెడల్ ఎంత నొక్కినా కారు సగం మాటే వింది. ఆయన గేర్లు తగ్గించి, చేతి బ్రేకు లాగి, ఎలాగో ఒక పక్కన ఆపాడు. నాన్న దిగి ఒక రాయి వెతికి తెచ్చి ముందు టైరుకు అడ్డం పెట్టాడు. తర్వాత తన సంచి తీసుకుని, వెనక వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు. బస్సు ఆగింది.

"చూసినవా? గిట్ల ఆగాలె" అని మా ఆయనకు చూపించి మరీ ఎక్కాడు.

బ్రేకులు చల్లారాక మేము మెల్లగా కొత్తగూడలో మా ఇల్లు చేరేసరికి నాన్న స్నానం చేసి పేపరు చదువుకుంటున్నాడు.

అమ్మ పోయాక నాన్న సిద్దిపేట నుంచి మా దగ్గరికి వచ్చాడు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మా ఆయనది తెనాలి వైపు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం రోజులు కదా, పొద్దున్నే పేపరు వచ్చీ రాగానే ఇద్దరూ మొదలుపెట్టేవాళ్లు. నీళ్ల దగ్గర మొదలై ఉద్యోగాల మీదుగా ఉప్మాలో అల్లం దాకా వచ్చేది. ఎవరు గెలిచినా నాకు రెండోసారి టీ పెట్టే పని తప్పేది కాదు. బయట అదే మాట మీద మనుషులు మొహాలు తిప్పుకుంటున్న కాలంలో, మా ఇంట్లో ఇద్దరు దానితోనే ఆకలి పెంచుకుని టిఫిన్ తినేవాళ్లు.

ఘాట్ రోడ్డు తర్వాత నాన్న మా కారెక్కలేదు. దవాఖానకు బస్సులో, బస్సు లేకపోతే ఆటోలో, ఆటో దొరక్కపోతే మోకాళ్లు పట్టుకుని నడుస్తూ పోయాడు. చివరికి ఒకరోజు బ్యాగు సర్దాడు.

"ఇగ సిద్దిపేట పోత బిడ్డా. మీ అన్న ఇంటి పక్కకే దవాఖాన. వచ్చే ఐతారం బస్సెక్కియ్యి."

"ఉండు నాయినా. కారు బాగు చేయిస్తం."

"కారు బాగైతది. నా గుండె బాగు కావద్దా?"

ఆ రాత్రి మా ఆయన సరిగా తినలేదు. "మామయ్యగారు వెళ్లిపోతే పొద్దున్నే నేనెవరితో పోట్లాడాలి? నీతోనా? నువ్వు గెలిచేస్తావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాన్న బ్యాగు వైపు చూస్తూ అన్నాడు.

మర్నాడే కొండాపూర్ షెడ్డుకు కారు పోయింది. పాత బ్రేకుల స్థానంలో మందమైన డిస్కులు, లోపల గాలి ఆడేవి, వాటిని రెండు వైపులా నొక్కిపట్టే కాలిపర్లు, వేడికి తట్టుకునే ప్యాడ్లు వేయించాడు. మెకానిక్ డిస్కులన్నవాటినే ఈయన రోటర్లు అనేవాడు. వీధుల్లో తిరిగే కారుకు అంత పెద్ద బ్రేకులెందుకని మెకానిక్ అడిగితే, "మా మామగారు ఎక్కాలండి" అన్నాడట. ఆయన ఎంత బరువుంటాడని మెకానిక్ అడిగాడట.

బిగించగానే పని అయిపోదని ఇంటికొచ్చాక నాకు పాఠం చెప్పాడు. కొత్త ప్యాడ్లు కొత్త డిస్కులకు అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయి, గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకముందే మళ్లీ వేగం అందుకోవాలి. అలా వాసన వచ్చేదాకా చెయ్యాలి. తర్వాత బ్రేకు ముట్టకుండా మెల్లగా తిప్పుతూ చల్లార్చాలి. వేడి మీద ఉండగా మాత్రం కారు ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచకూడదు. ప్యాడ్ పదార్థం డిస్కుకు ఒకేచోట అంటుకుని, ఇక ఎప్పుడు బ్రేకు వేసినా స్టీరింగ్ వణుకుతుంది.

"ఖాళీ రోడ్డా? ఈ ఊళ్లోనా?" అన్నాను.

ఆయన కేలండర్ వైపు చూశాడు. అదృష్టం కొద్దీ అప్పట్లో బంద్‌లకు కొరత లేదు. బంద్ రోజు ఆఫీసులు మూసి, శనివారం ఆ పని చేయించుకునేవారు. నాన్న ప్రయాణం పెట్టుకున్న ఆదివారం లోపే ఒక బంద్ ఉంది.

ఆ రోజు నాన్న మాకంటే ముందే గంటె పట్టుకుని బయల్దేరాడు. కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, దారి బంద్ చెయ్యడం. నాన్నకు పచ్చిపులుసు అప్పజెప్పారు. తన చెయ్యి పడకపోతే ఉద్యమం చప్పగా ఉంటుందని ఆయన నమ్మకం.

మేము వేరే దారిన రాయదుర్గం దాటి ఖాజాగూడ రోడ్డెక్కాం. అద్దాల మేడలు, మూసిన గేట్లు, ఒక్క బండి లేదు. మా ఆయన మొహంలో పండగ. వేగం, బ్రేకు, వేగం, బ్రేకు. ప్రతిసారీ నేను ముందుకు వంగి దండం పెట్టినట్టు అయ్యేది. ఒక గేటు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడి, మేము ఎటు పోవాలో తేల్చుకోలేకపోతున్నామనుకుని, చేత్తో దారి చూపించాడు. కాసేపటికి వాసన వచ్చింది. ఆయన దాన్ని గుండెల నిండా పీల్చాడు.

"ఇక చల్లార్చడమే. బ్రేకు ముట్టకుండా ఇంటికి" అన్నాడు.

ఇంటికి చౌరస్తా మీదుగానే పోవాలి. వంటావార్పు రోడ్డుకు ఒక పక్కనే ఉంటుందని ఆయన లెక్క. చౌరస్తాకు వచ్చి చూస్తే అది నడిమధ్యలో ఉంది. అప్పటికి అక్కడ ఫ్లైఓవర్ లేదు. మా సందు వైపు జనం కూర్చున్నారు. ఆగడానికి వీల్లేదు. ఆయన స్టీరింగ్ తిప్పి, పొయ్యిల చుట్టూ ఉన్న ఖాళీలో కారును గుండ్రంగా, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు.

ఒకతను కిటికీ పక్కన పరుగెత్తుతూ అడిగాడు. "అన్నా, ఏందిది? బంద్ నాడు కారేంది? ఆపు!"

"ఆపకూడదండి. వేడి మీద ఉన్నాయి."

"వేడి మీద మేమున్నం! ఆపు!"

"రెండు నిమిషాలండి, చల్లారగానే ఆపేస్తా."

రెండో చుట్టుకు ఎవరో మా అద్దానికి జెండా తగిలించారు. మూడో చుట్టుకు వెనక కుర్రకారు నినాదాలు ఇస్తూ నడిచారు. తెనాలి మనిషి ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రదక్షిణలు చేస్తున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అన్నం డేగిశా దగ్గరున్న ఆవిడ ముక్కు ఎగబీల్చి, "అయ్యో, బగారన్నం అడుగంటిందే!" అని మూత తీసింది. అన్నం బాగానే ఉంది. వాసన మాది.

ఆ వాసన నాన్నకూ తగిలింది. పచ్చిపులుసులోంచి తలెత్తి చూశాడు. ఆగమన్నా ఆగని మా కారు, అదే ఘాట్ రోడ్డు వాసన, లోపల కూతురు.

"బ్రేకులు పోయినయ్‌రా! జరగండ్రి!"

చౌరస్తా ఖాళీ అయింది. పొయ్యి పక్కనున్న రాయి ఒకటి రెండు చేతులా ఎత్తుకుని, మోకాళ్ల సంగతి మరిచి, నాన్న పరుగెత్తుకొచ్చాడు. టైరు కింద పెట్టడానికి కారు ముందే వంగాడు.

మా ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. నాన్న బానెట్ కింద ఎక్కడో ఉన్నాడు. రాయి సరిగా కుదరక అటూ ఇటూ జరుపుతున్నాడు.

"కాలు తియ్యి, డిస్కులు ఖరాబైతయ్" అన్నాను. పాఠం నాకు బాగానే వచ్చింది. "చేతి బ్రేకు వేసి తియ్యి."

"మామయ్యగారు లేచేదాకా తియ్యను."

తియ్యలేదు. నాన్న తీరిగ్గా రాయి కుదిర్చి, కాలితో తన్ని చూసి, చేతులు దులుపుకుని లేచాడు. అప్పటికి ఎంత అంటుకోవాలో అంత అంటుకుంది.

"ఆగిందా?" అన్నాడు కిటికీలోకి వంగి.

"ఆగిందండి."

"మంచిగ ఆగింది. మరి ఇందాకటి సంది ఎందుకు ఆపలే?"

"ఆపితే పాడవుతాయండి."

నాన్న నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆపితె ఖరాబయ్యే బ్రేకులేందయ్యా? ఎవడమ్మిండు నీకు? మా కరెంటాఫీసుల ఫ్యూజు కూడ గంత మోసం చెయ్యదు."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నాన్న మాత్రం మా ఆయన కాలు వైపు చూశాడు. అది ఇంకా పెడల్‌ను తొక్కిపట్టే ఉంది. పోయి విస్తరి నిండా బగారన్నం, పచ్చిపులుసు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. తిన్నాక కారు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. రాయిని కూడా తీసుకున్నాడు. "ఉండనీ, అక్కర పడ్తది" అన్నాడు. ఐతారం బ్యాగు విప్పేశాడు.

అప్పటి నుంచి బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణికేది. "మీ నాన్నగారు" అనేవాడు మా ఆయన. మళ్లీ ఖాళీ రోడ్డు దొరికితే సరిచేద్దాం, వచ్చే బంద్‌కు చేద్దాం అనేవాడు. రాష్ట్రం వచ్చింది, బంద్‌లు తగ్గాయి. పని మిగిలిపోయింది. తర్వాత మా ఆయనకు జబ్బు చేసింది. చేసినంత వేగంగా తీసుకుపోయింది. ఇంతకంటే దాని గురించి రాయలేను.

పోయిన నెల సర్వీసులో డిస్కులు పూర్తిగా అరిగిపోయాయన్నారు. ఈ వణుకు ఎప్పటిదని మెకానిక్ అడిగాడు. నేను చెప్పేలోపే నాన్న, "అది నేను చేసిన" అన్నాడు. మెకానిక్‌కు అర్థం కాలేదు.

కొత్తవి వేయించాను. ఐతారం తెల్లవారగానే నేనే నడుపుకుంటూ ఖాజాగూడ రోడ్డుకు పోయాను. నాన్న పక్కనే ఉన్నాడు, కాళ్ల దగ్గర రాయితో. ప్రతి బ్రేకుకూ తన కుడికాలితో కారు నేలను తొక్కాడు. వాసన వచ్చింది. ఇద్దరం కిటికీలు దించలేదు.

తిరిగొస్తుంటే ఎర్ర సిగ్నల్ పడింది.

"ఆపకు బిడ్డా" అన్నాడు నాన్న. "వేడి మీదున్నయ్."

ముందు ఒక కుటుంబం స్కూటర్ మీద ఆగి ఉంది. ఆపాను. చేతి బ్రేకు లాగాను. నాన్న వంగి, నా కాలు పెడల్ మీద నుంచి తీశానో లేదో చూశాడు.