బల్ల కోసం దాచిన ద్రాక్షరసం

సాయంత్రానికి కొండల మీద మంచు కప్పి, పొద్దెక్కేసరికి దాన్ని దుప్పటిలా మడిచి తీసేసే దేవునికి స్తోత్రం. మన గొంతు తడబడినా, మాట తప్పిపోయినా, పిలిచింది తన బిడ్డేనని గుర్తుపట్టే తండ్రికి స్తోత్రం. జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు చల్లబడతాయి. ఆ వేళ్ళతోనే ఈ నాలుగు మాటలు రాయిస్తున్న ఆయనకే మహిమ కలుగును గాక.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా వదిన వెనకనుంచి నా కొంగు పట్టుకుని లాగింది. వదిన అంటే మా అన్నయ్య భార్య కాదు. విజయనగరం దగ్గరున్న మా చిన్న సంఘంలో ఏళ్ళ తరబడి ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని, ఒకరి పిల్లల్ని ఒకరం ఎత్తుకుని, ఎప్పుడో వదినలమైపోయాం. ఆమెకు నేను వదిన, నాకు ఆమె వదిన. ఎవరు ఎవరికి ఆడపడుచో ఇంతవరకూ తేల్చుకోలేదు. "అరకు కూటాలు ఈ దసరాకీ ఎడతన్నారట వదినా. ఎల్దామేటి?" అంది నవ్వుతూ. ఆమె కట్టుకున్న తెల్లచీర మీద, మోకాలి దగ్గర, ఎన్ని ఉతుకులకూ పోని ఊదారంగు మరక కనిపించింది. నాకు చెప్పు కాలికి ఎక్కలేదు. ఇంట్లో అడిగి చెబుతానని తప్పించుకుని వచ్చేశాను.

కొన్నేళ్ళ కిందట, ఇలాగే దసరా సెలవుల్లో, ముగ్గురం ఆ ప్రార్థన కూటాలకు వెళ్ళాం. మూడో ఆమె మా సంఘంలోని టీచరమ్మ. ఆమె బడికి సెలవులు, మాకు వంటింటికి సెలవులు. పైకి అది విహారయాత్రే. కానీ ఆ నెలలోనే నా రొమ్ములో గడ్డ ఒకటి చేతికి తగిలింది. పట్నంలో డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, సెలవులయ్యాక రమ్మన్నాడు. ఆ సంగతి మా ఆయనకు చెప్పాక, వదినకొక్కదానికే చెప్పాను. రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. అన్నం వండుతూ వండుతూ, వచ్చే ఏడు ఈ గిన్నె ఎవరు తోముతారో అనుకునేదాన్ని. వదిన నా ముఖం చూసి, "ఇంట్లో కూకుంటే గోడలు మింగేత్తాయి. కొండ మీద దేవుడు దగ్గరగా ఉంటాడు, ఎల్దాం పద" అంది. దేవుడు అంతటా ఉంటాడని ఆదివారం బడి పిల్లలకు నేనే నేర్పుతాను. అయినా ఆ మాట నాకు బాగుంది.

శృంగవరపుకోట దాటి జీపు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్కో మలుపుకీ "స్తోత్రం ప్రభువా" అంటూ నా చెయ్యి నలిపేసేది. కాసేపటికి డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "మేడమ్ గారూ, మీరలగ గట్టిగా స్తోత్రం అన్నప్పుడల్లా నాకు ముందర ఏటో ఒచ్చీసినట్టుంటాది. మెల్లగా మనసులో అనుకోండమ్మా" అన్నాడు. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. ఒళ్ళో ఉన్న సంచిలోంచి చాక్లెట్టు తీసి టీచరమ్మ నోట్లో పెట్టింది. వదినకు షుగరు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. సూది తరవాత తిండి ఆలస్యమై షుగరు పడిపోతే వెంటనే తినడానికి ఆ చాక్లెట్ల పొట్లం ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. "నానెప్పుడైనా పిచ్చిమాటలాడితే, చెమటలు పడితే, నా నోట్లో తీపి కుక్కీయండి" అని మా ఇద్దరికీ ఎప్పుడో నేర్పి పెట్టింది. నాకు ఆ నవ్వులు వినిపిస్తున్నాయి గాని, కిటికీ పక్కన పొగమంచు పడిన లోయ చూస్తుంటే, నా పరీక్ష ఫలితం కూడా ఆ తెల్లదనం వెనకే ఎక్కడో కూర్చుని ఉందనిపించింది.

డుంబ్రిగుడ దాటాక ఒక కొండవాలు ఊళ్ళో కూటాలు. చుట్టూ పసుపు ఆరబెట్టినట్టు వలిసె పూలు, పైన సిల్వర్ ఓక్ చెట్లకు ఎగబాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. రేకుల గుడి చాలక ముందు పందిరి వేశారు. కొండ సంఘాల అక్కచెల్లెళ్ళు ఆదివాసీ ఒరియాలో పాడుతుంటే మాకు మాట తెలియకపోయినా చప్పట్లు తెలిసేవి. మమ్మల్ని చేర్చుకున్న పాస్టరుగారి భార్యను అందరూ అమ్మగారు అనేవారు. కూటాల చివరి రోజున ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దాని కోసం ఆవిడ నల్ల ద్రాక్ష ఉడికించి, వడకట్టి, పంచదార బాగా వేసి స్టీలు క్యానులో పోసి, పందిట్లో ప్రసంగ వేదిక కింద తెల్లగుడ్డ కప్పి పెట్టారు. టీచరమ్మ వాసన చూసి, "ఇది బల్లకా అమ్మగారూ, పెళ్ళి విందుకా?" అంటే ఆవిడ సిగ్గుపడ్డారు. "మా కొండోళ్ళకి తీపి ఎక్కువుండాలమ్మా. చప్పగుంటే పిల్లగుంటలు ముఖం చిట్లిత్తారు" అన్నారు.

రెండో రోజు ఉపవాస ప్రార్థన. అక్కడి ఆచారం ప్రకారం ఆ రోజు చీకటి పడేవరకూ పొయ్యి రాజెయ్యరు. రోగులూ, బాలింతలూ, ముసలివాళ్ళూ ఉపవాసం ఉండనక్కర్లేదని పాస్టరుగారు ముందే చెప్పి, వాళ్ళ కోసం తెల్లవారకుండానే ఉప్మా వండించారు. తరవాత వంట తమ్ముళ్ళు వంటశాలకు తాళం వేసి, సాయంత్రానికి కూరగాయలు తేవడానికి డుంబ్రిగుడ సంతకు వెళ్ళిపోయారు. వదిన చేతిలో ఖాళీ ఆకుదొన్నె చూశాను. తిన్నావా అని అడిగితే, "అయిపోనాది" అంది. అప్పుడే ఆమె భర్త ఫోను చేసి, సూది వేసుకున్నావా లేదా అని గదమాయించాడు. "ఏసీసుకున్నానయ్యా" అని అరిచి పెట్టేసింది. పందిరి దగ్గరికి వెళ్తూ దారిలో నిలబడిన కొండ పిల్లలందరికీ చాక్లెట్లు పంచి, సంచి దులిపి చూపించింది. ఆమె చెయ్యి పెద్దదని మురిసిపోయానే గాని, సంచి ఖాళీ అయిందన్న ఆలోచన నాకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక ప్రార్థన పందిరిని కుదిపేసింది. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు చేతులెత్తి ఊగుతున్నారు, మాటలకు అందని భాషల్లో కొందరు దేవుణ్ణి స్తుతిస్తున్నారు. నేను నా గడ్డ గురించి ఒకే ఒక్క మాట పదేపదే అనుకుంటూ కూర్చున్నాను. పక్కన వదిన లేచి నిలబడింది. అన్నేళ్ళలో ఆమె గొంతెత్తి ప్రార్థించడం నేను వినలేదు. కొంగు కప్పుకుని, తల వంచి, పెదవులు కూడా కదపకుండా ప్రార్థించే మనిషి. అలాంటిది నిలువెల్లా వణుకుతోంది. నాలుక తడబడుతూ ఏవేవో అంటోంది. వెనకనుంచి ఒక అక్క, "ఆత్మ దిగినాడు, ఆత్మ దిగినాడు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా స్తోత్రాలు మొదలుపెట్టారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు మా వదినకు ఈ అభిషేకం దొరికిందని సంతోషంతో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ చెయ్యి చెరువులోంచి తీసినట్టు తడిగా, చల్లగా ఉంది. స్వెట్టరు వేసుకుంటే తప్ప కూర్చోలేని ఆ చలిలో ఆమె రవిక వీపంతా చెమటకు తడిసిపోయింది. నా వైపు తిరిగింది. చూపు నా మీదే ఉంది గాని నేను అందులో లేను. "ఎవలివే నువ్వు?" అంది.

ఆత్మ దిగిన మనిషి తన వదినను మరిచిపోదు. పిచ్చిమాటలు, చెమటలు, ఆమె నేర్పిన గుర్తులే ఇవి. ఆమెను కిందికి లాగి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. సంచి తీశాను. ఖాళీ. టీచరమ్మ వంటశాలకు పరుగెత్తి, తాళం పట్టుకుని లాగి, వగరుస్తూ తిరిగొచ్చింది. ఊళ్ళో వాళ్ళందరూ పందిట్లోనే ఉన్నారు, ఇళ్ళేమో ఆ వాలుకు అవతల ఉన్నాయి. చుట్టూ స్తోత్రాలు ఆగలేదు. నేను అరిస్తే అది కూడా స్తోత్రంలోనే కలిసిపోతోంది. అంతమంది ప్రార్థన మధ్య ఒక మనిషి చచ్చిపోతున్నా ఎవరికీ తెలియదన్న భయం, నా గడ్డ నాకు ఏనాడూ పెట్టని భయం, ఆ క్షణాన నన్ను పట్టుకుంది. అప్పుడు వేదిక కింద తెల్లగుడ్డ కనిపించింది.

అమ్మగారి కాళ్ళు పట్టుకున్నాను. "షుగరు పడిపోయింది అమ్మగారూ, తీపి కావాలి, ఆ రసం ఇవ్వండి" అన్నాను. ఆవిడ "అది బల్లదమ్మా" అన్నారు. మైకు ముందు కళ్ళు మూసుకుని ఉన్న భర్త వైపు చూశారు. బైబిల్లో ఆకలిగొన్న కాబోయే రాజుకు యాజకుడు పరిశుద్ధమైన రొట్టె ఇచ్చిన సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం బడిలో చెప్పినప్పుడు అది చాలా సులువైన కథ. చేతిలో క్యాను ఉన్నప్పుడు అంత సులువు కాదు. ఆవిడ నా ఒళ్ళోని వదినను మరోసారి చూశారు. "ఆయన్నడిగితే పార్థనయ్యేదాకా కళ్ళు తెరవరు. దేవుడికి నాను చెప్పుకుంటాను" అని గుడ్డ తీసి, మూతలోకి రసం వంచారు.

వదిన పళ్ళు గిట్టకరుచుకున్నాయి. చెంప తడుతూ, పెదవులు తడుపుతూ, కొద్దికొద్దిగా పోశాం. సగం ఆమె చీర మీదే పడింది. మింగుతుందో లేదో తెలియదు. మింగిన చప్పుడు వినిపించింది. మరో మూత. ఇంకో మూత. ఆ కాసేపూ నేను ప్రార్థించానో లేదో గుర్తులేదు. ఆమె గొంతు కదలడం మాత్రమే చూస్తూ ఉన్నాను. నెమ్మదిగా వణుకు తగ్గింది. కళ్ళల్లోకి మనిషి తిరిగి వచ్చింది. నన్ను చూసి, పెదవి తుడుచుకుని, "ఏటి వదినా, నా ఉపాసం ఇరిచీసినావా?" అంది.

టీచరమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఉపవాసం ఉంటే సూది ఎందుకు వేసుకున్నావే తల్లీ?" అంది. వదిన తెల్లబోయింది. "సూది తిండి కాదు కదా టీచరమ్మా" అంది. నీళ్ళు తాగితే ఉపవాసం పోతుందా, మాత్ర మింగితే పోతుందా అని మేమంతా చాపల మీద ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. ఆమె లెక్క ప్రకారం సూది నోట్లోంచి వెళ్ళదు, కాబట్టి దోషం లేదు. ఉప్మా దొన్నె కుక్కకు పెట్టింది. ఎదురుగా ఉంటే చెయ్యి పోతుందని చాక్లెట్లు పిల్లలకు పంచింది. అన్నీ సరిగ్గానే చేశానని ఆమె నమ్మకం.

మేము వచ్చిన జీపులోనే అరకు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. మంచం మీద ఆమెను అడిగాను, అంత ఉపవాసం ఏం మొక్కుకున్నావని. గోడ వైపు తిరిగి, "నీ గడ్డ చెడ్డది కాకూడదని" అంది.

చివరి రోజు బల్ల దగ్గర రసం చాలలేదు. పాస్టరుగారు ఒక్కొక్కరి రొట్టె ముక్క మీద ఒక్కో చుక్క వేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు. సెలవులయ్యాక నా గడ్డ చెడ్డది కాదని తేలింది. దేవుడు విన్నాడు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన వినడానికి మా వదిన ప్రాణం అంచుదాకా వెళ్ళి రావాల్సి వచ్చిందా అనే ప్రశ్న దగ్గరికి వెళ్ళడానికి ఇప్పటికీ నాకు భయమే.

మొన్న గుమ్మం దగ్గర ఆమె ఇంకో మాట కూడా అంది. అది విన్నాకే నాకు చెప్పు ఎక్కలేదు. "ఆ ఉపాసం సగంలో ఉండిపోనాది వదినా. ఈసారి ఎల్లి పూర్తి సేసీవాల." నేను వెళ్తాను. నా సంచి నిండా చాక్లెట్లు పెట్టుకుని, ఉప్మా ఆమె నోట్లోకి వెళ్ళేవరకూ ఎదురుగా కూర్చుంటాను. అయినా మంకుపట్టు పట్టిన విశ్వాసికి నా కాపలా చాలదు. ఇది చదువుతున్న సహోదరీ సహోదరులారా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆ పూట చీకటి పడేవరకూ ఆగాలని మా వదిన మొక్కుకుంది. మా గడియారాల్లో అది ఇంకా మధ్యాహ్నమే గాని, ఆ రసం ఆమె పెదవికి తగిలిన క్షణాన్నే దేవుడు తన కొండల మీద సాయంత్రం చేసి, ఆ ఉపవాసాన్ని పూర్తి చేశాడని ఆమెకు తెలియాలి.