ఇంటిపేరు ముందా, వెనకా

మాది జగ్గయ్యపేట. ఉద్యోగం ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ విభాగంలో. ఒకే విద్యార్థి వివరాలు అడ్మిషన్ల వాళ్ల దగ్గర ఒకలా, పరీక్షల విభాగంలో మరోలా ఉంటున్నాయని, ఏ వివరం ఎవరి బాధ్యతో తేల్చే పని నాకు అప్పగించారు. అలా బాధ్యత తీసుకునేవాళ్లని డేటా స్టీవార్డులంటారు. మొదటి సమావేశంలో ఆ మాట అనగానే అందరూ టీ కప్పుల్లోకి చూశారు.

పరీక్షల విభాగం సూపరింటెండెంట్ మేడమ్ మాత్రం మనసులో మాట చెప్పేశారు.

"ఇన్నాళ్లూ తప్పొస్తే అందరిదీనండి. రేపట్నుంచి నా ఒక్కదాని మెడకే చుట్టుకుంటుంది. నా పేరు రాయకండి."

ఆ రోజు ఎవరి పేరూ రాయకుండానే సమావేశం ముగించాను.

తర్వాతి వారం నందిగామలో మా అనుబంధ కాలేజీకి వెళ్లాను. నేను విశ్వవిద్యాలయం నుంచి వచ్చానని తెలిసి ఒక అమ్మాయి వరండాలో నాకోసం నిలబడింది. చెవిటికల్లు నుంచి వచ్చిందట. తల్లిదండ్రులు కూలికి వెళ్తారు. బీఈడీ పాసైంది. మైలవరంలో ఒక స్కూల్లో ఉద్యోగం ఇస్తామన్నారు, సర్టిఫికెట్ చూపిస్తేనే. అదే రావడం లేదు.

ప్రవేశమప్పుడు ఆమె ఇంటిపేరు ముందు రాశారు, పరీక్షలప్పుడు చివర రాశారు. కంప్యూటర్ ఇద్దరు మనుషులనుకుంది. ఒకామె కాలేజీలో చేరింది గానీ పరీక్ష రాయలేదు. ఇంకొకామె పరీక్ష రాసింది గానీ కాలేజీలో చేరనే లేదు.

"అడ్మిషన్లోళ్లు పరీక్షలోళ్లని అడగమన్నారండి. వాళ్లేమో మళ్లీ వీళ్లనే అడగమన్నారు. ఎవరూ కసురుకోలేదండి, అందరూ మంచిగానే చెప్పారు. పనే అవ్వలేదు," అంది.

మర్నాడు ఆమెని విశ్వవిద్యాలయానికి రమ్మని, సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. మేడమ్ రెండు పేర్లూ తెర మీద పక్కపక్కన పెట్టి చూశారు.

"ఈ ఇద్దరూ ఒకరేనని చూస్తేనే తెలుస్తోందిగా."

"మరి కలపొచ్చుగా, మేడమ్?"

"నాకా అధికారం ఎక్కడిది? కలపమని ఎవర్ని అడగాలో కూడా నాకు తెలీదు." కాసేపు ఆ అమ్మాయి వైపు చూసి, నాతో అన్నారు: "సరిదిద్దే హక్కిస్తే బాధ్యత తీసుకుంటా. ఉత్త బాధ్యతైతే నాకొద్దు."

నా ప్రణాళికలో లేనిది అదే. స్టీవార్డులు ఏం చెయ్యాలో పేజీలకొద్దీ రాశాను. ఏం చెయ్యగలరో ఒక్క ముక్కా రాయలేదు. ఆ వారమంతా కూర్చుని తిరగరాశాను. పేర్ల తప్పుల్ని ఆధారాలు చూసి స్టీవార్డే దిద్దవచ్చు, దిద్దిన సంగతి మిగతా విభాగాలకు తెలియాలి, నిజాయితీగా జరిగిన పొరపాటుకి చర్య ఉండదు. ఆ చివరి మాట దగ్గర రిజిస్ట్రార్‌గారు చాలాసేపు ఆగారు. చివరికి సంతకం పెట్టారు.

మేడమ్ మొదటి స్టీవార్డయ్యారు. మొదట కలిపింది ఆ రెండు పేర్లనే. అమ్మాయి సర్టిఫికెట్ తీసుకునే వేళకి స్కూల్లో ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఆ మాట విని నాకు చాలా బాధేసింది. ఆమె మాత్రం ఇంకో నాలుగు స్కూళ్లకి తిరిగింది. ఎండాకాలం సెలవులయ్యాక రెడ్డిగూడెం స్కూల్లో చేరానని ఫోన్ చేసి చెప్పింది.

స్టీవార్డుని పెట్టుకోవడానికి అడ్మిషన్ల విభాగం తర్వాత ఒప్పుకుంది. హాస్టల్ వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. ఈమధ్య వాళ్ల దగ్గరికి నాతోపాటు మేడమ్ కూడా వస్తున్నారు. మాట్లాడేది ఎక్కువ ఆవిడే.