చిన్నవ్వ మెడలోని మూడో బిళ్ల

మా చిన్నప్పుడు శుక్రవారం పొద్దునంటే పసుపు వాసనే... లక్సెట్టిపేటలో మా పెంకుటింటి వెనకాల, గోదారి మీంచి వచ్చే గాలికి తలారబెట్టుకుంటూ చిన్నవ్వ కూర్చునేది. పుస్తెలతాడు బయటికి తీసి మెల్లగా పసుపు రాసుకునేది. పొద్దుటెండ పడి ఆమె మెడంతా పచ్చగా మెరిసేది... నేను గడప మీద కూర్చుని కళ్లార్పకుండా చూసేదాన్ని.

చిన్నవ్వ అంటే మా బాపు రెండో భార్య. నన్ను కన్న అవ్వ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. అవ్వ ఎట్లా ఉండేదని ఎవరినడిగినా "నీ లెక్కనే" అనేవాళ్లు. అద్దంలో ఎంతసేపు చూసుకున్నా నాకు నేనే కనిపించేదాన్ని... భలే కోపం వచ్చేది!

అందరి తాడుకూ రెండు పుస్తెలుంటాయి కదా... పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. చిన్నవ్వ తాడుకు ఇంకోటి ఉండేది. గోరంత బంగారు బిళ్ల. దాని మీద కంసాలి అవుసలాయన చెక్కిన ఆడమనిషి బొమ్మ. చిన్నవ్వ ముందు దానికే బొట్టు పెట్టేది. కొత్త చీర వస్తే ముందు దానికి తాకించి, తర్వాతే తను కట్టుకునేది.

అదేంటని ఒకరోజు బాపమ్మను అడిగాను. బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, దాపరికం తెలియని మనిషి. చాటలో కందులు చెరుగుతూనే చెప్పేసింది.

"అది మీ అవ్వనే. సచ్చినామె రెండోదాన్ని పీడించకుంట మెడల కట్టుకుంటరు. ఎనుకటి సంది గంతే."

మా అవ్వ దయ్యమా? ఆమెను చూసి చిన్నవ్వ భయపడుతోందా? ఆ రోజు అన్నం ముట్టలేదు. చిన్నవ్వ పిలిచినా దగ్గరికి పోలేదు. గడ్డివాము పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఆమే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"మా అవ్వంటే నీకు భయమా?"

చిన్నవ్వ నా పక్కనే కూర్చుంది. తర్వాత రైకలోంచి తాడు తీసి ఆ బిళ్లను నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది...

"మొదట్ల భయమే ఉండె. అబద్ధమెందుకు? కానీ గీ ఇంట్ల నాకు ఎవ్వలు తెల్వకపాయె. నీకు జొరమొచ్చి ఏడ్తె ఏం జెయ్యాల్నో ఈమెనే అడిగిన. గట్ల గట్ల సోపతైంది. గిప్పుడు ఈమెకు సూపెట్టకుంట ఒక్క ముద్ద తినబుద్ధి గాదు."

పసుపు రాసీ రాసీ ఆ బొమ్మకు కళ్లూ ముక్కూ అరిగిపోయాయి. అయినా సరే, నేను మా అవ్వను చూసింది అప్పుడే. "అవ్వా..." అన్నాను మెల్లగా. బొమ్మనే పిలిచాను.

"ఓ బిడ్డా" అని చిన్నవ్వ పలికింది.

ఆ తర్వాత నేనెప్పుడూ ఆమెను చిన్నవ్వ అని పిలవలేదు.

ఇప్పుడు నగల దుకాణాల్లో అద్దాల వెనక ఎన్ని డిజైన్లో... ఏ నగ ఎందుకు పుట్టిందో అమ్మేవాళ్లు చెప్పరు, మనమూ అడగం. ఆ బిళ్ల కట్టుకునే ఆనవాయితీ మా వైపు దాదాపు పోయింది. భయంలోంచి పుట్టింది కదా, పోతే పోయిందిలే అనిపిస్తుంది. కానీ అది లేకపోతే నాకు ఇద్దరు అవ్వల్లో ఒక్కరు కూడా దొరికేవాళ్లు కాదు...

మీ ఇంట్లో ఆడవాళ్ల మెడలో ఎవరున్నారో ఎప్పుడైనా అడిగారా?