ఆపరేషన్ పొద్దున చెంచాడు పెరుగు

మా కుక్కకు షుగరు వచ్చిందంటే పద్మారావు నగర్‌లో మా వీధంతా నవ్వింది. ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. బకెట్లకు బకెట్లు నీళ్లు తాగేది, ఎంత తిన్నా చిక్కిపోయేది. రెండు పూటలా ఇన్సులిన్ పొడిచినా షుగరు దిగలేదు.

"ఎదకొచ్చినప్పుడు ఒంట్ల పుట్టే హార్మోన్లు ఇన్సులిన్‌ను పని చెయ్యనిస్తలేవు మేడమ్," అన్నాడు డాక్టరు. "అండాశయాలు, గర్భసంచి తీసేద్దాం. జల్దీ చేస్తే తగ్గొచ్చు. లేట్ చేస్తే కళ్లు పోతయి, ప్రాణం మీదికి సుత వస్తది."

ఆపరేషన్ రోజు పొద్దున దానికి ఏమీ పెట్టకూడదు. ఆ మాట మా అత్తగారికి నాలుగుసార్లు చెప్పాను. ఆవిడ కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. కుక్కను గుమ్మం దాటనివ్వనని పట్టుబట్టిందీ ఆవిడే, పది రోజులు తిరక్కుండానే తన మంచం కింద పడుకోబెట్టుకున్నదీ ఆవిడే.

క్లినిక్‌లో బల్ల మీదికి ఎత్తగానే డాక్టరు దాని మూతి వంక చూశాడు. మీసాలకు తెల్లగా ఏదో అంటుకుని ఉంది.

"ఏంది మేడమ్, పెరుగు పెట్టిన్రా? మత్తుల కక్కితే ఊపిరితిత్తులల్లకు పోతది. ఇయ్యాల కాదు, ఎల్లుండి తీసుకురండి."

ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ నా ఒళ్లు మండిపోయింది. ఇంట్లో అడుగు పెట్టి, పెరుగు గిన్నె పక్కన చక్కెర డబ్బా చూడగానే అత్తగారి మీద అరిచాను. "షుగరున్న కుక్కకి పెరుగూ చక్కెరా? చంపేద్దామనుకున్నారా?" నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

ఆవిడ కుక్క చెవులు నిమురుతూ కూర్చుంది. "పెద్ద పనికి బయల్దేరేవాళ్లకి చెంచాడు పెరుగూ చక్కెరైనా నోట్లో పెట్టి పంపాలని మా అమ్మ చెప్పేది. మీ మావయ్యని ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు డాక్టరు వద్దన్నాడని పెట్టలేదు. మనిషి తిరిగి రాలేదమ్మాయ్" అంది.

పెళ్లయి పదకొండేళ్లయినా నాకీ సంగతి తెలియదు. చాదస్తం అనబోయి, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

డాక్టరు చెప్పిన రోజు పొద్దున ఆవిడ మళ్లీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను గబుక్కున కుక్కను వెనక్కి లాక్కున్నాను.

"దానికి కాదులే. దాని బదులు నువ్వు తిను" అని చెంచా నా నోట్లో పెట్టింది. మింగి, కుక్కను ఎత్తుకుని ఆటో ఎక్కాను.

ఆపరేషన్ అయ్యాక సాయంత్రానికి కుక్క కళ్లు తెరిచి, పొట్టకు కట్టుతోనే నా చెయ్యి నాకింది. ఇంటికి ఫోన్ చేసి "లేచింది అత్తయ్యా" అన్నాను.

"ఇప్పుడు పెట్టొచ్చేమో డాక్టరుగారిని అడుగు" అందావిడ.

డాక్టరు నవ్వాడు. "జెరంత పెట్టండి. చక్కెర మాత్రం వద్దు." ఆ నెలలోనే ఇన్సులిన్ సగానికి తగ్గించాడు కూడా.

ఆ రాత్రి మా ఆటో ఇంటి ముందు ఆగేసరికి ఆవిడ గేటు దగ్గర గిన్నెతో నిలబడి ఉంది. కుక్క కంటే ముందు నాకే చెంచా అందించింది.

"నువ్వే రుచి చూడు. చక్కెర వెయ్యలేదు."

పుల్లగా ఉంది. ఆ గేటు దగ్గరే ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.